పిట్ట కాలి తాయెత్తు

6 జనవరి 2003, సోమవారం

పక్షులకు పండుగ చేస్తారట. కమిటీ వేశారు. బందరులో ఇరవై ఆరేళ్లుగా జువాలజీ పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి కాబట్టి నన్నూ అందులో కలిపారు. మొత్తం పద్నాలుగు మంది. వాళ్లలో పిచ్చుకకూ గిజిగాడికీ తేడా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకణ్ణి నేను, రెండోవాడు టీలు తెచ్చినవాడు.

అధ్యక్షుడు మోహన్‌గారు. గుడివాడలో రైసు మిల్లు, కైకలూరు వైపు చేపల చెరువులు, బందరులో కల్యాణమండపం. మీటింగు ఆ మండపం మేడమీదే జరిగింది. ఆయన కిందటేడు సింగపూరు వెళ్లి అక్కడ పక్షుల పార్కు చూసి వచ్చాడు. అప్పటినుంచీ కృష్ణా జిల్లాకు ఏదో ఒకటి చెయ్యాలని మనసు పీకుతోందట. తన చెరువుల మీద వాలే కొంగల్ని టపాకాయలు కాల్చి తోలడానికి ఆరుగురు మనుషుల్ని పెట్టుకున్న మనిషి ఆయన. ఈ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు.

పండుగ సముద్రం ఒడ్డున, పాలకాయతిప్పలో. తేదీ ఫిబ్రవరి 16, మాఘ పౌర్ణమి. ఆ రోజు హంసలదీవి సంగమంలో స్నానాలకు సగం జిల్లా దిగుతుందనీ, మైకులూ ట్రాక్టర్లూ జీళ్ల కొట్లూ వస్తాయనీ, పిట్ట అన్నది కంటికి కనపడదనీ చెప్పాను. మోహన్‌గారు నావైపు జాలిగా చూసి, "జనం లేకపోతే అది పండుగ ఎట్లా అవుద్దండీ మాస్టారూ" అన్నాడు. అందరూ తల ఊపారు. తల ఊపడానికే కదా వాళ్లను పిలిచింది.

ముఖ్య అతిథి బొంబాయి నుంచి వస్తున్నాడు. డాక్టర్ గణపతి.

7 జనవరి

గణపతి.

8 జనవరి

నిన్న ఆ పేరు రాసి పెన్ను మూసేశాను. అందులో భయపడాల్సిందేమీ లేదు. ఒకసారి వరసగా రాసుకుంటే మనసు కుదుటపడుతుంది.

1991 చలికాలం. బొంబాయి సంస్థ ఒకటి వలస పిట్టల కాళ్లకు రింగులు వేయించింది. పులికాట్ గణపతికి ఇచ్చారు, పాలకాయతిప్ప నాకు ఇచ్చారు. ఇద్దరం ఒకే ఈడువాళ్లం, ఒకే చదువు. నాకు వచ్చిన రింగులు 1001 నుంచి 1240 దాకా. రెండు వందల నలభై. అన్నీ వేశాను. రింగు మీద నంబరూ బొంబాయి చిరునామా ఉంటాయి. ఆ పిట్ట మళ్లీ ఎవరికి దొరికినా ఒక కార్డు ముక్క రాయాలి. పులికాట్ రింగులకు రష్యా నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. నా వాటికి పన్నెండేళ్లలో ఒక్కటీ రాలేదు.

చివరి రిపోర్టు రాసింది గణపతే. అందులో నా గురించి ఒకటే వాక్యం. కంఠతా వచ్చు. "మచిలీపట్నం కేంద్రం వివరాలు నమ్మదగినవిగా తోచనందున లెక్కలోకి తీసుకోలేదు." అంటే పిట్టల్ని పట్టకుండా ఇంట్లో కూర్చుని రిజిస్టరు నింపానని. ఒక్క వాక్యంతో నన్ను దొంగను చేశాడు. ఆ తరువాత ఏ సంస్థా నన్ను పిలవలేదు. కప్పల్ని కోస్తూ మిగిలిపోయాను.

తప్పు నాది కాదు. కార్డు ముక్క రాయగలిగినవాడు ఒక్కడూ లేని పల్లెలో రింగులు వెయ్యడమే తప్పు. పిట్టను కూర వండుకుని తిని, రింగు పెంట మీద పారేసి ఉంటారు. వాళ్ల దగ్గర అంతకంటే ఏం ఆశిస్తాం.

12 జనవరి, ఆదివారం

స్టేజి ఎక్కడ వెయ్యాలో చూడటానికి మోహన్‌గారి కారులో పాలకాయతిప్ప వెళ్లాం. ఆయన ఇసుక మీద బూట్లతో నిలబడి, సముద్రాన్ని బ్యాక్‌గ్రౌండుగా పెట్టుకుంటే ఫొటోలు బాగా వస్తాయని తేల్చాడు. సముద్రం ఒప్పుకున్నట్టే ఉంది. ఆయన్ను అక్కడే వదిలేసి నేను గుడిసెల వైపు నడిచాను.

తాతమ్మ ఎండుచేపలు ఏరుతోంది. అప్పట్లో నాకు వలలు కట్టి పిట్టల్ని పట్టిచ్చిన వెంకటపతి తల్లి. బాగా ముసలిదైంది గానీ నన్ను చూడగానే గుర్తుపట్టి చాప వేసింది. పక్కన నాలుగైదేళ్ల మనవరాలు, కుమారి, గవ్వలతో ఆడుకుంటోంది. దాని మొలతాడుకు ఏదో తళుక్కుమంది. దగ్గరకు పిలిచి చూస్తే అల్యూమినియం రింగు. నంబరు 1047.

ఎక్కడిదని అడిగాను.

"అదేంటి మాస్టారూ, మీదే గదా. మీరు మంత్రించిన తాయెత్తు" అంది తాతమ్మ.

తరువాత అరగంటసేపు ఆవిడ చెప్పింది వింటూ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిట్టకు రింగు వేసేటప్పుడు రిజిస్టరు దాకా వెళ్లేలోపు నంబరు మరిచిపోకుండా పెదాల మీద అనుకుంటూ ఉండేవాణ్ణి. పొట్ట మీది ఈకల్ని నోటితో ఊది, చర్మం కింద కొవ్వు ఉందో లేదో చూసేవాణ్ణి. అది పద్ధతి, పుస్తకంలో ఉంటుంది. ఎండ కళ్లలో పడకుండా సముద్రం వైపు తిరిగి అరచేయి విప్పేవాణ్ణి. వీళ్లంతా గట్టు మీద కూర్చుని చూశారు. పెదాలు ఆడించడం మంత్రం. ఊదడం మంత్రించడం. సముద్రం వైపు తిరగడం గంగమ్మకు చెప్పుకోవడం. ఆ పిట్టలు వెళ్లిపోయి, మరుసటి ఏడు అంత దూరం నుంచి మళ్లీ ఇదే తిప్పకు వచ్చాయి. కాబట్టి అది కట్టుకున్నవాళ్లు సముద్రం మీదికి వెళ్తే తిరిగి ఇంటికి వస్తారు. అప్పటినుంచీ వలలో రింగు పిట్ట పడితే దాన్ని కోసుకోరట. రింగు మాత్రం తీసుకుని దణ్ణం పెట్టి వదిలేస్తారట. మగవాళ్లు మెడలో కట్టుకుంటారు, పిల్లలకు మొలకు కడతారు.

పదేళ్లు జువాలజీ చదివి, ఇరవై ఆరేళ్లు చెప్పి, చివరికి నేను ఒక పల్లెకు భూతవైద్యుణ్ణి.

13 జనవరి

రిజిస్టరు అటక మీద నుంచి దింపాను. 1047: ఎర్రకాళ్ల ఉల్లంకి, ఫిబ్రవరి 9, 1991. కుమారి పుట్టిన ఏడు వలలో పడిందని తాతమ్మ చెప్పింది, అంటే 1998. ఏడేళ్లు. ఏడేళ్లపాటు అది సైబీరియాకు వెళ్లి నా తిప్పకే తిరిగి వచ్చింది. గణపతి పులికాట్ పిట్టల్లో ఒక్కటైనా ఏడేళ్లు వచ్చిందా?

ఆ మూర్ఖులు కార్డు ముక్క రాయలేదు గానీ రింగులు దాచారు. ఊరంతా వెతికి నంబర్లు రాసుకుని స్టేజి మీద గణపతి ముందు పెడతాను. ఆ వాక్యాన్ని వాడి నోటితోనే వెనక్కి తీయిస్తాను. మా ఆవిడ ఝాన్సీలక్ష్మి ఇవాళ రెండోసారి అన్నం పెడుతూ, ఇన్నేళ్లలో మీరు ఇలా పాట పాడుతూ తినగా చూడలేదు అంది. పాడానని నాకు తెలియదు.

19 జనవరి, ఆదివారం

ఇంటింటికీ తిరిగాను. ముప్పై ఒక్క రింగులు. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటి చదువుతుంటే వాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు, నేను తాయెత్తుకు మళ్లీ బలం పోస్తున్నాననుకుని. ఏ పిట్ట కాలి నుంచి తీశారో, ఏ ఏడాదో ఎవరికి వాళ్లు చెప్పారు. వీళ్లకు సంవత్సరం అంకె రాదు. పడవ కొన్న ఏడు, ఫలానావాడి పెళ్లి, ఫలానా గాలివాన. అన్నీ కూడదీసి నేనే సంవత్సరాలుగా మార్చుకున్నాను.

వెంకటపతి జుట్టు నెరిసింది. వాడి మెడలో నల్లదారానికి 1203. ఎత్తుముక్కు పిట్ట నుంచి తీసిందన్నాడు. ముక్కు చివర పైకి తిరిగి ఉంటుంది, బురదలో పరిగెత్తుతూ తింటుంది, మూడేళ్ల కిందట పడిందట. రాసుకున్నాను.

రింగులు ఇమ్మంటే మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. కట్టుకునే వస్తాం, మీ పెద్దసారు చూసుకుంటాడు అన్నారు.

20 జనవరి

ఇంటికి వచ్చి రిజిస్టరుతో సరిచూశాను. ముప్పై ఒకటిలో పదకొండు నంబర్లు 1188 దాటినవి.

ఇది జరగడానికి వీల్లేదు. తప్పు చదివి ఉంటాను.

తప్పు చదవలేదు. భూతద్దం పెట్టుకుని చదివాను. సరే, ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తాను. 1188 దాకా వేశాను. మిగతా యాభై రెండు వెయ్యలేదు. చివరి వారం నాకు జ్వరం. మార్చి 31 గడువు. ఇంట్లో కూర్చుని యాభై రెండు పిట్టలకూ పేరు, బరువు, రెక్క కొలత రాశాను. అనుభవం ఉన్నవాణ్ణి, కొలతలు సహజంగానే వచ్చాయి. వెయ్యని రింగులు మూటగట్టి వెంకటపతి చేతికిచ్చి, పనికిరానివి, సముద్రంలో పారెయ్ అన్నాను.

మరి అవి పిట్ట కాలి నుంచి తీశామని పదకొండు మంది ఎలా చెప్పారు? పిట్ట కాలే ఎక్కని రింగులకు పిట్ట పేరు, ఏడాది, ఏ రేవు దగ్గర పడిందో కూడా చెప్పారు. ఎంత అలవోకగా అబద్ధమాడతారు ఈ జనం. నీతి అన్నది వాళ్ల వీధిలోకే రాలేదు.

21 జనవరి

91లో నాకు వచ్చిన జ్వరం గుర్తుందా అని ఝాన్సీలక్ష్మిని అడిగాను. "మీకు జ్వరం ఎప్పుడొచ్చింది? ఆ గణపతిగారికి బొంబాయి ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వచ్చాక వారం రోజులు మంచం దిగలేదు, అదా?" అంది.

ఆవిడ జ్ఞాపకశక్తి మొదటినుంచీ అవసరానికి మించింది.

26 జనవరి, ఆదివారం

జెండా వందనం అయ్యాక అవనిగడ్డ బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో. వెంకటపతి వల బాగు చేసుకుంటున్నాడు. తాతమ్మను లోపలికి పంపి, సూటిగా అడిగాను. పారెయ్యమన్న రింగులు ఏం చేశావు, పంచుకు తిన్నావా, పిట్టలకు వేసినట్టు కథలెందుకు చెప్పించావు అని. గొంతు పెంచే అడిగాను. నేనెందుకు భయపడాలి?

వాడు వల పక్కన పెట్టాడు.

"పారెయ్యలేదండి. పిట్టలకి వేశాను."

"నువ్వా?"

"నేనేనండి. మీకు ఒంట్లో బాలేదనుకున్నాను. సగం పిట్టలకి కట్టి సగం వదిలేస్తే, కట్టనివి ఎట్లా తిరిగొస్తాయండీ? రింగు నొక్కే పట్టకారు ఇక్కడే వదిలెళ్లారు గదా. వల కట్టి, మీరు చేసినట్టే చేశాను. మీ మాటలు నాకు రావు గదండీ, ఊరికే పెదాలు ఆడించాను. ఊదాను. సముద్రం వైపు తిరిగి వదిలాను. ఐదు రోజులు పట్టింది."

వాడు ఇంకా చెప్పాడు. తను వేసిన రింగులు తరువాత వలల్లో దొరికినప్పుడు ఇట్టే తెలిసిపోయేవట, పట్టకారు జారి అంచున గీత పడేదట. నిజమే. మెడలోది తిప్పి చూపించాడు, గీత ఉంది. మిగతా పదింటి మీదా చిన్న గీత చూసినట్టే గుర్తు, పాతబడిందనుకున్నాను.

"మీరు వేసినవి ఊళ్లోవాళ్లకి ఇచ్చానండి. నేను వేసినవి మా ఇంటివాళ్లకే ఉంచుకున్నాం. నా ఊదుడు పనిచేస్తుందో లేదో తెలీదు గదా. పనిచెయ్యకపోతే మాకే పోతుంది."

ఒక్క కుమారికి మాత్రం మనసొప్పక నాది కట్టాడట.

ఎప్పుడు లేచానో, ఆటో ఎలా ఎక్కానో గుర్తులేదు. సిగ్గుపడ్డాను. ఇది రాసుకోవడం కూడా ఇష్టం లేదు. కానీ సిగ్గుపడ్డాను.

28 జనవరి

ప్రశాంతంగా ఆలోచిస్తే ఇందులో చిక్కేమీ లేదు. యాభై రెండు రింగులు నిజంగానే పిట్టలకు పడ్డాయి. పదకొండు నిజంగానే తిరిగి వచ్చాయి. రిజిస్టరులో వేసినవారి పేరుకు గడి లేదు. మధ్యలో నేను రాసిన బరువులొక్కటే కొంచెం ముందూ వెనకా. బరువు దేవుడికెరుక, పిట్ట పూటకోరకంగా తూగుతుంది.

2 ఫిబ్రవరి

కమిటీలో రింగుల సంగతి చెప్పాను. మంత్రం సంగతి చెప్పలేదు గానీ మోహన్‌గారికి ఎలాగో తెలిసింది, మరీ ఆనందపడ్డాడు. తాయెత్తులవాళ్లను స్టేజి మీద వరసగా నిలబెడదాం అన్నాడు. 1188 లోపలివాళ్లు ఇరవై మందిని పిలిస్తే చాలన్నాను. "ముప్పై ఒక్కమందీ అయితే స్టేజి నిండుద్ది మాస్టారూ" అన్నాడు. నేను ఇంకోసారి చెప్పలేదు.

10 ఫిబ్రవరి

అతిథులకు కప్పడానికి పెడన నుంచి శాలువాలు వచ్చాయి. అచ్చులో పక్షులున్నాయి. నెమలి తల, హంస మెడ, చిలక తోక. ఇది ఏ జాతో గరుత్మంతుణ్ణి అడగాలి.

16 ఫిబ్రవరి, ఆదివారం, మాఘ పౌర్ణమి

చెప్పినట్టే అయింది. తెల్లవారేసరికి సంగమం దగ్గర ఇసుక కనపడలేదు, తలకాయలే. నాలుగు దిక్కుల నుంచీ మైకులు. పోటు నీళ్లు బురదమేట మొత్తం కప్పేశాయి, మిగిలిన ఇసుక మీద జనం కూర్చున్నారు, ఇక పిట్టలు ఎక్కడ వాలాలి? హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి పాతికమంది ఫొటోగ్రాఫర్లు దిగారు. చేతికర్రంత లెన్సులు. ఒంటిమీద మిలిటరీవాళ్ల ఆకుల బట్టలు. ఒక్క ఆకు లేని ఇసుక మీద ఆకుల్లా కనపడాలని బోర్లా పడుకున్నారు. స్నానాలకు వచ్చిన ఆడవాళ్లు తడి చీరలతో చుట్టూ చేరి వాళ్లను చూశారు. ఈ పండుగలో జనం కళ్లారా చూసిన వింత జంతువులు వాళ్లే. మధ్యాహ్నానికి ఫొటోల పోటీ ఫలితం చెప్పారు. మొదటి బహుమతి, పులిహోర పొట్లం చింపుతున్న కాకి.

స్టేజి మీద మోహన్‌గారు సింగపూరు గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. గణపతి పక్కన నేను. పన్నెండేళ్ల తరువాత కలిశాం. లావయ్యాడు, కళ్లజోడు మారింది. "ఎలా ఉన్నావు మధూ?" అన్నాడు. బాగున్నానన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

తరువాత రింగులవాళ్లు వచ్చారు. ముప్పై ఒక్కమంది, ఉతికిన బట్టలు, తలకు నూనె. గణపతి జేబులోంచి భూతద్దం తీశాడు. కుమారిని స్టూలు మీద నిలబెట్టి 1047 చదివాడు. నేను రిజిస్టరు తెరిచి తేదీ చూపించాను. తాతమ్మ ఏడాది చెప్పింది. మళ్లీ చదివాడు. తరువాతిది, ఆ తరువాతిది. ప్రతిదానికీ భూతద్దం తుడుచుకుని రెండోసారి చూశాడు. ఆ క్షణం కోసం పన్నెండేళ్లు బతికాను, అది రానే వచ్చింది, బాగుంది, చాలా బాగుంది.

వెంకటపతి వంతు వచ్చింది. మెడలో దారం తీసి గణపతి చేతికిచ్చాడు. 1203. ఏ పిట్ట అని గణపతి అడిగాడు.

"ఎత్తుముక్కుదండి. ముక్కు ఇట్టా పైకి తిరుగుద్ది" అని వేలు వంచి చూపించాడు.

గణపతి రిజిస్టరు వైపు వంగాడు. నా చేతిరాత. 1203: ఎర్రకాళ్ల ఉల్లంకి, 112 గ్రాములు. వాడు తలెత్తి నన్ను చూశాడు. అనుమానంగా కాదు, ఆశగా. ఎత్తుముక్కుదే అయితే ఈ తీరంలో దానికి రింగు వేసి మళ్లీ పట్టడం ఇదే మొదటిసారి కావచ్చు, ఏది నిజం మధూ, అని ఇంగ్లీషులో అడిగాడు.

ముందు వరసలో కాలేజీ వాళ్లున్నారు. ఝాన్సీలక్ష్మి ఉంది. మైకు నా చేతిలోనే ఉంది.

"వీళ్లకు పిట్టల పేర్లు తెలియవు" అన్నాను.

మొత్తం ఈ తిప్ప మీద ఏ పిట్ట అరిస్తే ఏ పిట్టో కళ్లు మూసుకుని చెప్పేవాడు వెంకటపతి ఒక్కడే. నాకు నేర్పింది వాడే. నావైపు చూశాడు. నేను రిజిస్టరులోకి చూశాను. అప్పుడు వాడు గణపతితో నెమ్మదిగా అన్నాడు:

"మాస్టారు రాసిందే కరెక్టండి. నేను మర్చిపోయుంటాను."

గణపతి మైకు తీసుకుని, పన్నెండేళ్ల కిందట ఒక సహోద్యోగి గురించి తొందరపడి ఒక వాక్యం రాశాననీ, దాన్ని ఇంతమంది ముందు వెనక్కి తీసుకుంటున్నాననీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. నెమలి తల, హంస మెడ, చిలక తోక నా భుజాల మీద కప్పారు. బొంబాయిలో చూపించడానికి ఒక రింగు ఉంటే బాగుండునని గణపతి అంటే, చేతిలో ఉన్నదే తీసుకెళ్లండి సార్ అని మోహన్‌గారు హామీ ఇచ్చేశాడు. ఆయన సొత్తు కదా. వెంకటపతిని అడిగితే, మాస్టారి పని కదండీ, తీసుకోండి అన్నాడు. 1203 అగ్గిపెట్టెలో గణపతి జేబులోకి పోయింది. నేను అడ్డు చెప్పలేదు.

టెంట్లు విప్పుతుంటే వెంకటపతి నా కోసం ఆగి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే జవాబు సిద్ధం చేసుకున్నాను కూడా.

"మాస్టారూ, ఒక్క మాట. నేను వేసినవాటికి మంత్రం పట్టిందంటారా? పెద్దసారు అంత మురిసిపోయాడు గదా అని అడుగుతున్నాను."

నేను శాలువా మడత పెట్టుకుంటూ, ఎప్పుడు వెళ్తున్నావు సముద్రం మీదికి అని అడిగాను. ఎల్లుండి తెల్లారి అన్నాడు. మెడ మీద దారం ఉన్నచోట చెయ్యి పెట్టుకుని, తీసేశానన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి దింపాడు.

అదే రోజు, మళ్లీ

మోహన్‌గారికి కనీసం కొంగలంటే ఇష్టం లేదన్న సంగతి దాచుకోవడం తెలియదు. టపాకాయలు బాహాటంగా కాలుస్తాడు. ఆకుల బట్టలవాళ్లు వెర్రివాళ్లు, అంతే. నెలన్నరగా ఈ పుస్తకం నిండా ఎవరెవరిని తిట్టానో ఇప్పుడే తిరగేశాను. తిట్టాల్సినవాణ్ణి మాత్రం ఒక్క పేజీలోనూ తిట్టలేదు.

17 ఫిబ్రవరి

పొద్దున్నే గణపతి దిగిన గెస్టుహౌసుకు వెళ్లాను. సూట్‌కేసు సర్దుకుంటున్నాడు, కాఫీ తెప్పించాడు. రింగు తిరిగి ఇచ్చెయ్యమన్నాను. నీదే కదా, ఇంకో ముప్పై ఉన్నాయి కదా అని నవ్వాడు.

"నాది కాదు. వెంకటపతిది. వాడే వేశాడు" అన్నాను.

మొదలుపెట్టాక ఆపడం కుదరలేదు. యాభై రెండు రింగులు, లేని జ్వరం, వాడి ఉద్యోగం ఉత్తరం, నేను మంచం మీద కూర్చుని తూచిన పిట్టలు, పట్టకారు గీతలు, ఎత్తుముక్కు. అన్నీ చెప్పాను. కాఫీ చల్లారిపోయింది. గణపతి అగ్గిపెట్టె తెరిచి రింగు అంచున గీత చూశాడు. కోప్పడతాడనుకున్నాను. వాడు చాలా అలిసిపోయినట్టు మంచం మీద కూర్చున్నాడు.

"నిన్న అడిగాను కదరా. స్టేజి మీద అడిగాను కదా."

"అడిగావు."

"ఆ వాక్యం మళ్లీ రాయాల్సి వస్తుంది మధూ."

"రాయి. ఈసారి వాడి పేరు కూడా రాయి. ఎత్తుముక్కు పిట్టకు రింగు వేసింది వెంకటపతి, పాలకాయతిప్ప అని."

అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. వీధి గుమ్మం దాకా వచ్చాడు గానీ చెయ్యి కలపలేదు. నేనూ చాచలేదు.

అక్కడినుంచి సరాసరి బస్టాండు.

పాలకాయతిప్ప చేరేసరికి సాయంత్రం నాలుగైంది. నిన్నటి కాగితప్పళ్లేలు, పులిహోర పొట్లాలు ఇసుక మీద ఎగురుతున్నాయి. జనం పోయారు కాబట్టి పిట్టలు వచ్చాయి. పోటు తీసిన బురద మీద వందల్లో మేస్తున్నాయి, ఒక్క కెమెరా లేదు. వెంకటపతి పడవలోకి ఐసు ఎక్కిస్తున్నాడు. అగ్గిపెట్టె ఇచ్చాను. ఇది నువ్వు వేసిందని పెద్దసారుకు చెప్పేశాను, నేను రాసింది అబద్ధమని కూడా చెప్పాను అన్నాను. వాడు కంగారుపడి, మీకు మాట రాదుగదా మాస్టారూ అన్నాడు. వస్తుందన్నాను.

రింగుకు కొత్త దారం ఎక్కించి నా ముందు పట్టుకున్నాడు.

"ఒకసారి ఊదండి."

ఇందులో మంత్రం లేదు వెంకటపతీ, పొట్ట మీద కొవ్వు చూడటానికి ఊదేవాణ్ణి అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ మాట నిన్న చెప్పి ఉంటే ధైర్యం, ఇవాళ చెబితే మళ్లీ నా తెలివి చూపించుకోవడమే. వాడు రేపు తెల్లారి సముద్రం మీదికి వెళ్తున్నాడు.

"వేసింది నువ్వు. నువ్వే ఊదాలి" అన్నాను.

మాటలు రావు కదండీ అన్నాడు. మాటలు నేను చెప్తానన్నాను. వాడికి చదవడం రాదు కాబట్టి రింగును వెలుతురుకు తిప్పి నేను చదివాను, పన్నెండు వందల మూడు. వాడు పెదాలు కదిపి అదే అన్నాడు, పన్నెండు వందల మూడు. సముద్రం వైపు తిరిగి ఊదాడు. మెడలో కట్టుకున్నాడు.

20 ఫిబ్రవరి

పడవ వచ్చిందని తాతమ్మ ఎవరితోనో కబురు పంపింది. రిజిస్టరులో 1189 నుంచి 1240 దాకా నేను రాసిన బరువులన్నీ కొట్టేశాను. ఎత్తుముక్కు ఒకటి తెలుసు, ఇంకో పది తెలుసు. మిగతా నలభై ఒకటి ఏ పిట్టలో అడిగి రాసుకోవడానికి ఆదివారం వెళ్తాను. వాడికి గుర్తుంటాయి.